మట్టిలో కలిసిపోద్ది సరే.. ఏ మట్టిలో, ఎన్నాళ్లకి?

తెనాలి మార్కెట్లో కూరగాయల బండి కాడ, బాపట్లలో స్వీట్ షాపులో, రేపల్లెలో చేపల గంపల కాడ ఇప్పుడు ఒకటే మాట వినపడతంది: "ఇది ప్లాస్టిక్ కాదండీ, మట్టిలో కలిసిపోద్ది." సంచి మీద ఒక ఆకు బొమ్మ, పక్కన ‘నేను ప్లాస్టిక్ కాదు’ అని ఇంగ్లీషు అచ్చు. కొన్నవాళ్లకి మనసు తేలికపడుద్ది. ఇంటికెళ్లాక ఆ సంచి కాలవ గట్టున పడ్డా తప్పు చేసినట్టు అనిపించదు.

ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకు బతికిన మనిషిని నేను. ఆ మాట అబద్ధం అనను. అయితే అది సగం మాట. మిగతా సగం చెప్పకపోతే మంచి సరుకు గూడా చెడ్డ పనే చేసిద్ది. ఎందుకంటే కాలవ గట్టున పడ్డది అక్కడ ఆగదు. దుగ్గిరాల కాడ విడిపోయిన తూర్పు కాలవ, పడమర కాలవ, నిజాంపట్నం కాలవ మూడూ తెనాలి ఊళ్లోంచే పోతయ్. కింద ఊళ్లల్లో మంచినీళ్ల చెరువులు నిండేది కాలవ నీళ్లతోనే. మనం పారేసింది గుర్రపుడెక్కలో చిక్కుకోకుండా ఉంటే చివరికి సముద్రానికే చేరుద్ది.

కాబట్టి ‘కలిసిపోయే ప్లాస్టిక్’ అంటే ఏంటో, అందులో ఏమేం కలుపుతారో, అది ఎక్కడ కరుగుద్దో, ఎక్కడ కరగదో విప్పి చూద్దాం.

ఎస్టర్ అంటే అరటిపండు వాసన

ఈ సరుకంతా ఒక్క మాట మీద నడుస్తది. ఆ మాట ఎస్టర్. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు కలిసి, మధ్యలో ఒక నీటి అణువు బయటికి పోతే మిగిలే బంధమే ఎస్టర్. వినడానికి కొత్తగా ఉన్నా మన ఇళ్లల్లో లేనిది కాదు. కొల్లూరు లంకల్లో పండే అరటిపండుకి ఆ వాసన తెచ్చేది ఒక ఎస్టరే. నెయ్యి, కొబ్బరినూనె, పప్పునూనె అన్నీ ఎస్టర్లే. నెయ్యి పాతబడి ముక్క వాసన వచ్చిందంటే అందులో ఎస్టర్ బంధాలు తెగి, ఆమ్లం బయటపడిందని అర్థం.

కట్టేటప్పుడు నీళ్లు బయటికి పోయినయ్ గదా. విప్పాలంటే మళ్లీ నీళ్లు లోపలికి రావాలి. ఎస్టర్ బంధానికి తాళంచెవి నీళ్లే. సూక్ష్మజీవుల దగ్గర ఉండే ఎంజైములు ఆ తాళం తొందరగా తిప్పుతయ్, అంతే తేడా. మామూలు పాలిథిన్ కవర్లో ఇలాంటి తాళమే ఉండదు. అంతా కర్బనం పక్కన కర్బనం, బిగించి కట్టిన గొలుసు. అందుకే అది ఏళ్ల తరబడి ఉండిపోద్ది.

గింజకి ఊక, సెల్యులోజ్‌కి ఎసిటేట్

సెల్యులోజ్ మనకి కొత్త కాదు. పత్తి మొత్తం దాదాపు సెల్యులోజే. వరిగడ్డిలో, అరటి దవ్వలో, కాగితంలో ఉండేది అదే. గ్లూకోజు ముక్కలు వరసగా గుచ్చిన దండ అనుకోండి. పశువు గడ్డి తిని బతికేది దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఈ దండని తెంపబట్టే.

అయితే ఉత్త సెల్యులోజ్‌ని కరిగించి అచ్చు పొయ్యలేం. వేడి చేస్తే కరగదు, మాడిపోద్ది. దాన్ని దారికి తేవడానికి 1865లోనే షూట్‌జెన్‌బెర్గర్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఒక ఉపాయం కనిపెట్టాడు. దండలో ఒక్కో గ్లూకోజు పూసకి మూడు చోట్ల ఆమ్లం తగిలించుకునే కొక్కేలు ఉంటయ్. వాటికి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం, తగిలిస్తే సెల్యులోజ్ ఎసిటేట్ వచ్చిద్ది. వేరే ఆమ్లాలు తగిలిస్తే ప్రొపియోనేట్, బ్యూటిరేట్. వీటన్నిటినీ కలిపి సెల్యులోజ్ ఎస్టర్లు అంటారు. కళ్లజోడు ఫ్రేములు, స్క్రూడ్రైవర్ పిడులు, పాత సినిమా రీళ్లు, ఫొటో నెగటివ్‌లు, సిగరెట్ ఫిల్టర్లు.. అన్నీ ఈ కుటుంబమే.

ఇక్కడే కీలకం ఉంది. మూడు కొక్కేల్లో ఎన్నింటికి ఆమ్లం తగిలించాం అన్నదాన్ని బట్టి సరుకు గుణం మారిపోద్ది. మూడూ నింపితే నీళ్లకి దగ్గరికి రాదు, సూక్ష్మజీవికి నోరు పట్టదు. సిగరెట్ ఫిల్టర్లో సగటున రెండున్నర దాకా నిండి ఉంటయ్. రెండు కంటే తగ్గిస్తే సూక్ష్మజీవులు తొందరగా పని మొదలుపెడతయ్. వడ్లగింజ మీద ఊక లాంటిది ఇది. ముందు ఊక ఊడాలి, తర్వాతే బియ్యం. ఎస్టరేజ్ అనే ఎంజైము ముందొచ్చి ఎసిటేట్ తొడుగు ఊడదీసిద్ది. ఆ తర్వాత సెల్యులేజ్ వచ్చి దండని తెంపుద్ది. 1990ల దాకా సెల్యులోజ్ ఎసిటేట్ మట్టిలో కలవదనే చాలామంది నమ్మారు. 1993లో అమెరికా ఈస్ట్‌మన్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు, బుకానన్ బృందం, మురుగుశుద్ధి నీళ్లలో పరీక్ష పెట్టి, రెండున్నర కొక్కేలు నిండినది గూడా సూక్ష్మజీవులకి ఆహారమవుద్దని చూపించారు. తక్కువ నిండింది ఇంకా ముందే పోయింది.

మీ ఇంట్లో పాత నెగటివ్‌ల డబ్బా ఉంటే ఒకసారి మూత తీసి చూడండి. వెనిగర్ వాసన కొట్టిందంటే, ఎసిటేట్ ఊడిపోయి ఆమ్లంగా బయటికొస్తందని అర్థం. సినిమా వాళ్లని కన్న ఊరు మన తెనాలి. పాత రీళ్లని దాచిపెట్టేవాళ్లకి ఈ వాసనంటే గుండె జారుద్ది. ప్రపంచమంతా దానికి ‘వెనిగర్ జబ్బు’ అనే పేరే పెట్టింది. తర్వాత తర్వాత రీళ్లు పాలిస్టర్ మీదకి మారడానికి అదొక కారణం. ఒకచోట జబ్బు అనుకున్నదే ఇంకోచోట వరం. రీలు చెడకూడదు, సంచి చెడాలి. రసాయనం మాత్రం ఒకటే.

పాలిస్టర్లన్నీ ఒక తల్లి బిడ్డలే, గుణాలు వేరు

ఎస్టర్ బంధాలు వరసగా ముడేసుకుంటూ పోతే పాలిస్టర్. మనం వేసుకునే పాలిస్టర్ చొక్కా, తాగి పారేసే నీళ్ల బాటిల్ రెండూ ఒకటే పదార్థం, పెట్. తాళాలు ఇందులోనూ ఉన్నయ్. కానీ మధ్యమధ్యలో బెంజీన్ వలయాలు గట్టి రాళ్లలాగా అడ్డం కూర్చుంటయ్. నీళ్లు, ఎంజైములు తాళం దాకా చేరలేవు. కాబట్టి ‘పాలిస్టర్’ అన్న పేరు చూసి కరుగుద్ది అనుకోవద్దు, కరగదనీ అనుకోవద్దు.

బెంజీన్ వలయం లేని పాలిస్టర్లు మెత్తగా ఉంటయ్, సూక్ష్మజీవులకి లొంగుతయ్. పీసీఎల్, పీబీఎస్ ఈ జాతి. పీసీఎల్ అయితే 60 డిగ్రీలకే కరుగుద్ది. మరీ మెత్తన గదా అని, కొన్ని వలయాలు కలిపి తయారుచేసిందే పీబీఏటీ. వలయాల పాలు సగానికి లోపు ఉంచితేనే అది మట్టిలో కలిసే గుణం నిలుస్తది. మన చేతికొచ్చే ‘ప్లాస్టిక్ కాదు’ సంచుల్లో నికార్సైనవాటిల్లో ఎక్కువ భాగం ఇదే. దానికి పిండిపదార్థమో, మొక్కజొన్న నుంచి తీసే పీఎల్ఏనో కలుపుతారు. అంటే ఆ సంచి గూడా ప్లాస్టిక్కే. కలిసిపోయే ప్లాస్టిక్. ‘నేను ప్లాస్టిక్ కాదు’ అన్న అచ్చే మొదటి అబద్ధం.

రెండూ ఎందుకు కలుపుతారు

సెల్యులోజ్ ఎసిటేట్ గట్టిది, మెరుస్తది, కానీ పెళుసు. దాన్ని మెత్తబడేదాకా వేడి చేస్తే, మాడిపోయే వేడి గూడా పక్కనే ఉంటది. అందుకని మెత్తబరిచే నూనెల్లాంటి రసాయనాలు కలుపుతారు. అవి కొన్నాళ్లకి బయటికి ఊరిపోతయ్. అప్పుడు వస్తువు మళ్లీ పెళుసవుద్ది, ఊరింది మన తిండిలోకో నీళ్లలోకో పోద్ది.

మెత్తటి పాలిస్టర్లకి దీనికి ఎదురు జబ్బు. సాగుతయ్, చిరగవు, కానీ నిలబడే బలం తక్కువ, వేడికి వంగిపోతయ్. రెండింటినీ కలిపితే ఒకదాని లోటు ఇంకోటి తీర్చుద్ది. పాలిస్టర్ పొడుగాటి గొలుసు కాబట్టి నూనెలాగా ఊరి బయటికి రాదు. అక్కడే చిక్కుకుని సెల్యులోజ్ ఎస్టర్‌ని మెత్తగా ఉంచుద్ది. 1990ల్లో ఈస్ట్‌మన్ వాళ్లు సెల్యులోజ్ ఎసిటేట్ ప్రొపియోనేట్‌తో ఇలాంటి మిశ్రమాలు చేసి పేటెంట్లు తీసుకున్నారు.

అయితే ఏదైనా దేనితోనైనా కలవదు. పాలల్లో నీళ్లు కలిసినట్టు కలిస్తే ఫిల్ము అద్దంలాగా ఉంటది, సాగినా విరగదు. నీళ్లల్లో నూనె పోసినట్టయితే తెల్లగా మసకబారి, రెండూ వేరుపడిన చోట చిరుగుద్ది. ఉత్త ఎసిటేట్ కంటే, కొంచెం పొడుగు తోకలున్న ప్రొపియోనేట్, బ్యూటిరేట్ రకాలు పాలిస్టర్లతో బాగా పొసుగుతయ్.

కలిపినాక కరుగుద్దా

ఇది అసలు ప్రశ్న. రెండూ విడివిడిగా కరిగేవే కదా, కలిపితే ఇంకా బాగా కరగాలి గదా అనిపిస్తది. అలా లెక్క కుదరదు.

రెండూ వేరువేరుగా ఉండిపోయిన మిశ్రమం పులిహోర లాంటిది. అన్నం ఒకటి, మధ్యలో పల్లీలు. అన్నం పాలిస్టర్ అయితే సూక్ష్మజీవులు ముందు అది తింటయ్. పల్లీలు, అంటే సెల్యులోజ్ ఎస్టర్ గుండ్లు, రాలి పొడిగా మిగులుతయ్. అవి కరగడానికి ఇంకొంత కాలం కావాలి. అదే అన్నం గట్టి సెల్యులోజ్ ఎస్టర్ అయితే లోపలి పాలిస్టర్ దాకా ఎంజైము చేరడానికే ఆలస్యం. అణువు అణువు కలిసిన మిశ్రమంలో అయితే గట్టిది మెత్తదాన్ని పట్టి ఉంచుద్ది. కదలలేని గొలుసుని ఎంజైము తొందరగా పట్టుకోలేదు. మొత్తమ్మీద సెల్యులోజ్ ఎస్టర్ పాలు, దాని కొక్కేలు నిండిన లెక్క పెరిగేకొద్దీ నిదానం అవుద్ది. బలం కావాలంటే అది పెంచాలి, కరగాలంటే అది తగ్గించాలి. ఈ రెండింటి మధ్య బేరమే ఈ పరిశ్రమ అంతా.

మందం గూడా లెక్కే. పల్చటి పొర ఒకలాగా పోద్ది, దాన్నే గట్టిగా చుట్టి ముద్ద చేస్తే ఇంకోలాగా పోద్ది. సిగరెట్ పీకే సాక్షి. ఒక్క ఫిల్టర్లో వేల పోగులు బిగించి ఉంటయ్, పైగా తారు పట్టి ఉంటది. సెల్యులోజ్ ఎసిటేటే అయినా నేలమీద ఏళ్లకి ఏళ్లు ఉండిపోద్ది. అదే పదార్థం పల్చటి పొరగా సముద్రపు నీళ్లలో పెడితే నెలల్లోనే సూక్ష్మజీవులు తిన్నాయని అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవాళ్లు చూపించారు. ఒకే సరుకు, రెండు రూపాలు, రెండు ఫలితాలు.

తెనాలి మట్టి వేరు, బాపట్ల ఇసక వేరు, రేపల్లె చౌడు వేరు

కంపోస్టబుల్ అని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఎట్టా ఉంటదో చెప్తా. మన దేశంలో దానికి ప్రమాణం ఐఎస్ 17088. పదార్థాన్ని కంపోస్టులో కలిపి దాదాపు 58 డిగ్రీల వేడిలో ఉంచుతారు. 12 వారాల తర్వాత రెండు మిల్లీమీటర్ల జల్లెడలో పోస్తే పదో వంతుకి మించి పైన మిగలకూడదు. ఆరు నెలల్లోపు అందులోని కర్బనంలో 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. ముక్కలవ్వడం వేరు, మట్టవ్వడం వేరు అని ఈ పరీక్ష గట్టిగా చెప్తది. పాలిథిన్‌లో ఏదో మందు కలిపి ఎండకి పొడైపొయ్యేటట్టు చేసే రకాన్ని యూరప్ 2021 నుంచి మార్కెట్లోకి రానివ్వకుండా ఆపింది అందుకే. పొడైతే కంటికి కనపడదు, అంతేగానీ పోయినట్టు కాదు.

పరీక్ష మంచిదే. కానీ 58 డిగ్రీల వేడి, సరిపడా తడి, గాలి ఆరు నెలలు మన ఊళ్లల్లో ఎక్కడున్నయ్? బాగా పేర్చిన పెద్ద పెంటకుప్ప కడుపులో కొన్నాళ్లు ఆ వేడి పుట్టుద్ది. అంతకు మించి లేదు.

తెనాలి చుట్టూ బంకమన్ను. సూక్ష్మజీవులు బాగానే ఉంటయ్. కానీ వరి ఊడ్చి నీళ్లు పెట్టిన చేలో మట్టికి గాలి ఆడదు. గాలి ఆడని చోట ఉత్త సెల్యులోజ్ కుళ్లుద్ది గానీ పీబీఏటీ లాంటిది పెద్దగా కదలదు. కాలవ నీళ్లల్లో పీఎల్ఏ సంగతి చెప్పనే అక్కర్లేదు. 60 డిగ్రీల దగ్గరికి వస్తే గానీ దాని గొలుసు వదులవదు. చల్లటి నీళ్లలో ఏళ్లు ఉండిపోద్ది.

బాపట్ల వైపు పోతే ఇసక నేల. తడి నిలవదు, సేంద్రియం తక్కువ, కాబట్టి తినే సూక్ష్మజీవులూ తక్కువ. సూర్యలంక ఒడ్డున పొడి ఇసకలో పడ్డ పీకకి ఎండ తగులుద్ది, నీళ్లు తగలవు. తాళంచెవి లేని తాళం అది. ఈ తీరానికే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తయ్. తాబేలుకి సర్టిఫికెట్ చదవడం రాదు. దాని కడుపులోకి పోయిన సంచి ఆరు నెలల్లో కరిగేదైనా, ఆరొందల ఏళ్లు ఉండేదైనా ఆ పూటకి ఒకటే.

రేపల్లె దిగువకి పోతే చౌడు, ఉప్పునీళ్లు, రొయ్యల చెరువులు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవులు. మడ బురదలో పై పొర దాటితే గాలే ఉండదు. కాలవలు తెచ్చిందంతా వేర్లలో చిక్కుకునేది అక్కడే. మూడు ఊళ్లూ రైలెక్కితే గంటల దూరమే. కానీ ఒకే సంచికి మూడు చోట్లా మూడు ఆయుష్షులు.

ఏ బుట్టలో వెయ్యాలి?

2022 జూలై 1 నుంచి దేశమంతా ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. అదే ఏడాది ఆఖరు నుంచి క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకి తగ్గకూడదన్నారు. కంపోస్టబుల్ సంచులకి మాత్రం ఆ మందం లెక్క లేదు. మినహాయింపు ఉన్నచోటే దొంగ సరుకు దూరుద్ది. ఉత్త పాలిథిన్ మీద ఆకు బొమ్మేసి అమ్మేవాళ్లున్నారు. గుడ్డ సంచిలాగా కనపడే రంగురంగుల నాన్‌వోవెన్ సంచి గూడా గుడ్డ కాదు, పాలిప్రొపిలీన్. అది మట్టిలో కలవదు.

మంచి సరుకు చేతికొచ్చినా ఇంకో చిక్కు. ఆకుపచ్చ బుట్టా, నీలం బుట్టా? తడిచెత్తలో వేస్తే పారిశుధ్య కార్మికులు ప్లాస్టిక్ అనుకుని ఏరి పక్కన పడేస్తారు. వాళ్ల తప్పేం లేదు, చూడ్డానికి అట్టాగే ఉంటది. పొడిచెత్తలో వేస్తే పాలిథిన్‌తో కలిసి కరిగి, తిరిగి తయారయ్యే సరుకుని పాడు చేసిద్ది. కరిగే సంచికి కరిగే చోటు చూపించకపోతే అది ఉత్త ఖరీదైన చెత్త.

అందుకని నా మాట ఇది. కొనేవాళ్లు మూడు చూడండి. సంచి మీద కంపోస్టబుల్ అన్న మాట, తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు. మూడూ లేకపోతే అది మామూలు కవరే అనుకోండి. ఉన్నా కాలవలో వెయ్యొద్దు. మున్సిపాలిటీలు ఈ సంచుల మీద తెలుగులో, ఫలానా బుట్టలో వెయ్యండి అని అచ్చెయ్యాలని పట్టుబట్టాలి.

బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, చౌడు నేలల మీద, ఉప్పునీళ్ల మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. అమెరికా మురుగునీళ్లలో ఏమైందో మనకి తెలుసు. మన బంకమన్నులో, మన ఇసకలో, మన చౌడులో ఏమవుద్దో ఇక్కడే పాతిపెట్టి తేల్చొచ్చు. పెద్ద ఖర్చు గూడా కాదు. చేలో పరిచే మల్చింగ్ షీటు బదులు ‘కరిగే షీటు’ వాడమని రైతుని అడిగే ముందు ఆ లెక్క రైతు చేతిలో పెట్టాలి గదా.

ఇంకో సంగతి. సెల్యులోజ్ ఎసిటేట్‌కి మేలైన ముడిసరుకుల్లో ఒకటి, పత్తి జిన్నింగ్ అయ్యాక గింజకి అంటుకుని మిగిలే పొట్టి నూగు, లింటర్లు. గుంటూరు పత్తి గురించి నేను చెప్పేదేముంది. కోత మిషన్ పోయాక చేలల్లో తగలబెట్టే వరిగడ్డి గూడా సెల్యులోజే. అందులో సిలికా, లిగ్నిన్ ఎక్కువ కాబట్టి శుద్ధి చెయ్యడం కష్టం, ఖర్చు. కానీ దారి లేకపోలేదు. రేపు ఈ మిశ్రమాలకి గిరాకీ పెరిగితే ముడిసరుకు మన దగ్గర, లాభం ఇంకెక్కడో కాకుండా చూసుకోవాల్సింది గూడా ఇప్పుడే.

ఈ సరుకు వద్దని నేను అనట్లా. తిండి అంటుకుని కడగలేని ప్యాకెట్టుకి, చేలో పరిచే పల్చటి షీటుకి, సరిగ్గా చేస్తే ఇది నిజంగా మేలు చేసిద్ది. కానీ చింతపండు కట్టుకురావడానికి ఏ ప్లాస్టిక్కూ అక్కర్లేదు. అరటాకు ఏ సర్టిఫికెట్టూ లేకుండానే ఏ మట్టిలో అయినా కలుస్తది, గుడ్డ సంచి పదేళ్లు వస్తది. ఈసారి ఎవరైనా "కలిసిపోద్దండీ" అంటే నవ్వుతూనే అడగండి: ఏ మట్టిలో, ఎన్నాళ్లకి, ఎవరు చూశారు?